రెండు చోట్ల సీటు వస్తే ఏ యూనివర్సిటీ? కారణాలను తూకం వేసుకునే పద్ధతి

అడ్మిషన్ల రోజుల్లో ఒకమ్మాయి రెండు సీటు లెటర్లు పట్టుకుని నా దగ్గరకొచ్చింది. "సార్, మీరైతే ఏది తీసుకుంటారు?" అని అడిగింది. రెండూ బయాలజీ డిగ్రీకే. మొదటిది ఎవరికి చెప్పినా కళ్లు పెద్దవి చేసుకుని వినే పేరు. రెండోది నలుగురి నోళ్లలో అంతగా నానని యూనివర్సిటీ. మొదటిది ఎందుకనుకుంటున్నావని అడిగితే "పేరుంది కదా సార్" అంది. రెండోదానికి కాసేపు ఆలోచించి, "అక్కడ మొదటి ఏడాది నుంచే ల్యాబ్‌లో చేయి పెట్టనిస్తారట. ఒక సీనియర్ చెప్పారు. సగం ఫీజుకు స్కాలర్‌షిప్ కూడా ఇచ్చారు" అంది.

నేను ఇంకో ప్రశ్న వేశాను. "రెండో ఏడాదిలో ఒక మంగళవారం అనుకో. మధ్యాహ్నం రెండు గంటలు. నువ్వెక్కడ ఉంటావు? పక్కన ఎవరుంటారు? చేతిలో ఏం పని ఉంటుంది?" రెండో యూనివర్సిటీ గురించి తడబడుతూనైనా ఏదో ఒకటి చెప్పగలిగింది. మొదటిదాని గురించి ఆలోచిస్తే ఆమె కళ్ల ముందుకు ఆ పెద్ద గేటు తప్ప ఇంకేమీ రాలేదు.

చేరాక ఆ గేటు కింద నుంచి రోజుకు రెండుసార్లు నడుస్తాం, అంతే. మూడు నాలుగేళ్లు గడిచేది లోపల, ఒక డిపార్ట్‌మెంట్‌లో, పాతిక ముప్ఫై మంది మధ్య. అందుకే ఎవరు సలహా అడిగినా ఈ మంగళవారం ప్రశ్నతోనే మొదలుపెడతాను. మీరు చెప్పే కారణం ఆ మధ్యాహ్నాన్ని ఎంత మారుస్తుందో చూసి, దానికి అంత బరువు ఇవ్వండి. పేరు, ర్యాంకు, ఉద్యోగాలు, ఖర్చు, దూరం, స్నేహితులు, క్యాంపస్ అందం: ఎవరిని అడిగినా దాదాపు ఇవే కారణాలు చెబుతారు. వీటన్నిటికీ ఒకే బరువు ఉండదు. ఒకరికి గొప్ప కారణమైంది ఇంకొకరికి అసలు కారణమే కాకపోవచ్చు.

పేరు పెద్దదా, డిపార్ట్‌మెంట్ మంచిదా

అమెరికాలో కొత్తగా కాలేజీలో చేరినవాళ్లను ప్రశ్నలడిగే పెద్ద సర్వే ఒకటి 1966లో మొదలైంది. "ఈ కాలేజీ ఎందుకు?" అన్న ప్రశ్నకు ఏళ్ల తరబడి ముందు వరసలో నిలిచిన జవాబు "చదువుకు మంచి పేరుంది" అన్నదే. అందులో తప్పేమీ లేదు. పేరుకు విలువుంది. ఆ విలువ ఎవరికి ఎంత అందుతుందో తెలుసుకుని మరీ చేరాలి.

దీనిమీద జరిగిన పరిశోధనల్లో నేను తరచూ గుర్తుచేసేవి రెండున్నాయి. 1976లో అమెరికా కాలేజీల్లో చేరినవాళ్ల తర్వాతి ఆదాయాలను స్టేసీ డేల్, అలన్ క్రూగర్ పరిశీలించి 2002లో ప్రచురించారు. ఊరికే పెద్ద కాలేజీవాళ్లనూ చిన్న కాలేజీవాళ్లనూ పోల్చి ఊరుకోలేదు వాళ్లు. ఒకే స్థాయి కాలేజీలకు దరఖాస్తు పెట్టి, అక్కడ సీట్లు తెచ్చుకుని, చివరికి వేరువేరు చోట్ల చేరినవాళ్లను పక్కపక్కన పెట్టి చూశారు. పెద్ద పేరున్నచోట చేరినవాళ్లకూ, సీటు వచ్చినా వదులుకుని చిన్న పేరున్నచోట చేరినవాళ్లకూ సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఆ సీటు తెచ్చుకోగలిగిన పిల్ల ఎక్కడ చదివినా రాణించిందన్నమాట. ఒక మినహాయింపు మాత్రం తేలింది. పేద ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు పెద్ద కాలేజీ నిజంగానే మేలు చేసింది. అదే పరిశోధకులు 2011లో మళ్లీ చూసినప్పుడు, తల్లిదండ్రులు పెద్దగా చదువుకోని పిల్లల విషయంలోనూ ఇదే తేలింది.

రెండోది 2023లో రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ చేసిన పని. ఐవీ లీగ్ అని పిలిచే, అమెరికాలో పెద్ద పేరున్న ఎనిమిది ప్రైవేటు యూనివర్సిటీలు, వాటి సాటివి మరో నాలుగు తీసుకుని, పేరున్న ప్రభుత్వ యూనివర్సిటీలతో పోల్చారు. సగటు ఆదాయంలో పెద్ద తేడా ఇక్కడా రాలేదు. కానీ అందరికన్నా ఎక్కువ సంపాదించే ఒక శాతం మందిలోకి చేరే అవకాశం సుమారు ఒకటిన్నర రెట్లయింది. పేరున్న సంస్థల్లో ఉద్యోగం, పేరున్నచోట పై చదువు దొరికే అవకాశమూ బాగా పెరిగింది.

ఈ రెండిటినీ కలిపి చూస్తే నాకు అర్థమయ్యేది ఇది. ఇంట్లో చదువుకున్నవాళ్లుండి, ఉద్యోగం గురించి అడగడానికి బాబాయో అత్తయ్యో ఉండి, మామూలు మంచి జీవితం కోరుకునేవాళ్లకు పేరు కొత్తగా ఇచ్చేది కొంచెమే. ఇంటిలో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటి మనిషి మీరే అయితే, పరిచయాలు లేక వాకిట్లోనే ఆగిపోయే పరిస్థితి ఉంటే, పేరు మీకు అక్షరాలా తలుపు తీస్తుంది. ఆ సంవత్సరమే ఒకబ్బాయి కూడా వచ్చాడు. లా చదవాలని కోరిక, ఇంట్లో మొదటి తరం చదువు, పెద్ద యూనివర్సిటీ ఫీజు మొత్తం మాఫీ చేసింది. అతనికి మంగళవారం ప్రశ్న కూడా వేయలేదు. "వెళ్లి చేరిపో నాయనా" అన్నాను.

చదివే సబ్జెక్టును బట్టి కూడా ఈ లెక్క మారుతుంది. చివర్లో లైసెన్సు పరీక్షో రిజిస్ట్రేషనో ఉండే నర్సింగ్, టీచర్ ట్రైనింగ్ లాంటి చదువుల్లో పేరు పాత్ర తక్కువ. ఆ కోర్సుకు వృత్తి మండలి గుర్తింపు ఉందా, చేతిపని గట్టిగా నేర్పుతారా అన్నవే ముఖ్యం. కన్సల్టింగ్, పెద్ద పెట్టుబడి సంస్థలు, పెద్ద లా సంస్థలు లాంటి చోట్ల మాత్రం రెజ్యూమె మీద యూనివర్సిటీ పేరు చూశాకే లోపలి పేజీ తిప్పుతారు.

ఇంకో సంగతి. పేరు యూనివర్సిటీ మొత్తానిది. చదువు డిపార్ట్‌మెంట్‌ది. ఫిజిక్స్‌కు పేరుపడ్డ చోట హిస్టరీ నీరసంగా నడుస్తూ ఉండొచ్చు. నా సంగతే చెబుతాను. బ్రోషర్‌లో ఒక ఎలక్టివ్ పేపరు, అంటే మనం ఎంచుకుని చదివే పేపరు, చూసి, దానికోసమే నేను పీజీలో చేరాను. ఆ పేపరు చెప్పే ప్రొఫెసర్ అప్పటికి రెండేళ్ల ముందే రిటైరయ్యారని చేరాక తెలిసింది. సిలబస్ పుస్తకంలో మాత్రం పేపరు చెక్కుచెదరకుండా ఉంది. నేనున్న రెండేళ్లలో దాన్ని ఒక్కసారి కూడా పెట్టలేదు. అప్పటినుంచి ఎవరికైనా ఒకటే చెబుతున్నాను: సిలబస్ పుస్తకం పక్కన పెట్టి, పోయిన సెమిస్టర్ టైమ్‌టేబుల్ అడిగి తెచ్చుకోండి. నలభై ఎలక్టివ్‌లు రాసి ఉన్నచోట నిజంగా నడిచినవి ఎన్ని, వాటిని చెప్పింది పర్మనెంట్ అధ్యాపకులా, ఏ ఏటికాయేడు వచ్చిపోయే గెస్ట్ లెక్చరర్లా అన్నది ఆ ఒక్క కాగితంలోనే తెలిసిపోతుంది.

అధ్యాపకుల సంగతికి నేనింత బరువివ్వడానికి కారణముంది. 2014లో సర్వేలు చేసే గాలప్ సంస్థ, పర్డ్యూ యూనివర్సిటీ కలిసి అమెరికాలో 30 వేల మందికి పైగా గ్రాడ్యుయేట్లను అడిగాయి. చదువు మీద ఉత్సాహం పుట్టించిన ప్రొఫెసర్ ఒక్కరైనా ఉన్నారా, అధ్యాపకులు మిమ్మల్ని మనిషిగా పట్టించుకున్నారా, మీ ఆశలను ప్రోత్సహించిన గురువు దొరికారా అన్నవి ఆ ప్రశ్నల్లో మూడు. మూడిటికీ గట్టిగా అవునన్నవాళ్లు తర్వాత తమ ఉద్యోగంలో మనసుపెట్టి పనిచేసే అవకాశం రెట్టింపుకు పైగా కనపడింది. కాలేజీ ప్రభుత్వానిదా ప్రైవేటుదా, సీటు దొరకడం ఎంత కష్టం అన్నవాటితో పెద్ద తేడా రాలేదు. ఆ మూడూ దొరికినవాళ్లు 14 శాతమే. ఆ 14 శాతంలో చేరడానికి ఎక్కడ ఎక్కువ వీలుందో వెతకడమే, నా దృష్టిలో, ఎంపికలో సగం పని.

ర్యాంకు దేన్ని కొలుస్తుంది

ర్యాంకుల జాబితా చూడొద్దని నేను చెప్పను. ఆ అంకె ఎలా వచ్చిందో చూశాక చూడండి.

2003లో షాంఘైలో మొదలైన ప్రపంచ ర్యాంకింగ్‌లో పూర్వ విద్యార్థులకు వచ్చిన నోబెల్ బహుమతులకు, గణితంలో ఇచ్చే ఫీల్డ్స్ పతకాలకు 10 శాతం, అధ్యాపకులకు వచ్చినవాటికి 20 శాతం మార్కులు. "నేచర్", "సైన్స్" పత్రికల్లో వచ్చిన వ్యాసాలకు ఇంకో 20 శాతం. పరిశోధన చేయాలనుకునేవాళ్లకు ఇది కొంత పనికొస్తుంది. డిగ్రీ మొదటి ఏడాది పిల్లకు కాలిక్యులస్ ఎంత బాగా చెబుతారో ఇందులో ఎక్కడా ఉండదు. క్యూఎస్ అనే ఇంకో ప్రపంచ ర్యాంకుల జాబితాలో, 2023లో మార్చిన లెక్క ప్రకారం, ప్రొఫెసర్ల అభిప్రాయాలకు 30 శాతం, ఉద్యోగాలిచ్చేవాళ్ల అభిప్రాయాలకు 15 శాతం. దాదాపు సగం మార్కులు పేరుకే పడుతున్నాయన్నమాట. విద్యార్థులకు తగినంతమంది అధ్యాపకులున్నారా అన్నదానికి అంతకుముందు 20 శాతం ఉండేది, దాన్ని 10కి తగ్గించారు. ఒక యూనివర్సిటీ ఏడాదిలో ముప్ఫై మెట్లు ఎక్కితే అక్కడ పాఠాలు బాగుపడ్డాయని అనుకునేముందు, లెక్క కట్టే పద్ధతి ఏమైనా మారిందేమో చూడాలి.

అంకెలు ఇచ్చేది యూనివర్సిటీలే అన్నది కూడా మరిచిపోకూడదు. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ అమెరికా యూనివర్సిటీల ర్యాంకు జాబితాలో 2వ స్థానంలో ఉండగా, అక్కడి మ్యాథ్స్ ప్రొఫెసర్ మైకేల్ థాడియస్ 2022లో తన యూనివర్సిటీ ఇచ్చిన అంకెలనే కూర్చుని సరిచూశారు. 20 మంది లోపు విద్యార్థులుండే తరగతులు 82.5 శాతం అని యూనివర్సిటీ చెప్పింది. ఆయన లెక్కకు 62.7 నుంచి 66.9 శాతం మధ్యే తేలింది. ఆ సెప్టెంబరులో కొలంబియా 18వ స్థానానికి వెళ్లింది. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీలో వ్యవహారం ఇంకా దూరం వెళ్లింది: ర్యాంకు కోసం తప్పుడు అంకెలు పంపిన కేసులో బిజినెస్ స్కూల్ మాజీ డీన్ 2021లో దోషిగా తేలి, మరుసటి ఏడాది 14 నెలల జైలుశిక్ష పొందారు. ఈ పందెంలో ఉండలేమని నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ యూనివర్సిటీ 2023లో టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ అనే పత్రిక వేసే ర్యాంకుల జాబితా నుంచి తప్పుకుంది. అమెరికాలోని రీడ్ కాలేజీ 1995లోనే ర్యాంకింగ్‌కు అంకెలు పంపడం మానేసింది.

నేను ర్యాంకును ఎలా వాడతానంటే, మీ సబ్జెక్టు జాబితానే తీసుకుని, 50 స్థానాల తేడా ఉంటేనే తేడాగా లెక్కేస్తాను. 112కూ 127కూ మధ్య తేడా చూసి సీటు వదులుకున్నారంటే నాకు బాధేస్తుంది.

పెద్ద యూనివర్సిటీనా, చిన్న కాలేజీనా

"మా సగటు తరగతిలో 38 మందే" అని ఒక యూనివర్సిటీ అంటుంది. అబద్ధం కాదు. ఒక డిపార్ట్‌మెంట్‌లో పది తరగతులున్నాయనుకోండి. ఒకదాంట్లో 200 మంది, మిగతా తొమ్మిదింట్లో ఇరవైమంది చొప్పున. మొత్తం 380 సీట్లు, పది తరగతులు, సగటు 38. ఇప్పుడు ఆ సీట్లలో కూర్చున్న ఒక్కొక్కరినీ "నీ తరగతిలో ఎంతమంది?" అని అడగండి. 200 మంది "రెండు వందలు" అంటారు, 180 మంది "ఇరవై" అంటారు. ఆ జవాబుల సగటు దాదాపు 115. మీరు కూర్చోబోయేది ఆ 115లో. అందుకని సగటు అడగకండి. "మొదటి ఏడాది తప్పనిసరి పేపర్లలో ఎంతమంది ఉంటారు, మూడో ఏడాది ఎలక్టివ్‌లలో ఎంతమంది?" అని విడివిడిగా అడగండి. అధ్యాపకుల నిష్పత్తి కూడా ఇలాంటిదే. పరిశోధనకే పరిమితమై డిగ్రీ తరగతి ముఖం చూడని ప్రొఫెసర్లు కూడా ఆ లెక్కలో కలిసిపోతారు.

పెద్దచోట మేలూ ఉంది. మొదటి ఏడాది తర్వాత మనసు మారితే మారడానికి ఇంకో ఇరవై డిపార్ట్‌మెంట్లుంటాయి. ఖరీదైన పరికరాలుంటాయి, లైబ్రరీ పెద్దది, పేరుమోసినవాళ్లు సెమినార్లకు వస్తారు. చొరవగా వెళ్లి తలుపు తట్టగలిగినవాళ్లకు పెద్ద యూనివర్సిటీని మించింది లేదు. అడగడానికి మొహమాటపడే పిల్ల అదేచోట నాలుగేళ్లు వెనక బెంచీలో ఎవరి కంటా పడకుండా గడిపేయగలదు. చిన్నచోట రెండు రోజులు తరగతికి రాకపోతే మూడోరోజు ఎవరో ఒకరు అడుగుతారు. నా అనుభవంలో ఈ తేడాను పిల్లల స్వభావాన్ని బట్టి చూడాలి. తల్లిదండ్రులు సాధారణంగా మార్కులను బట్టి చూస్తారు.

పరిశోధకులు "చిన్న చెరువులో పెద్ద చేప" అని పేరు పెట్టిన సంగతి ఒకటుంది. ఆస్ట్రేలియాలో హెర్బర్ట్ మార్ష్ 1980ల నుంచి దీనిమీద పనిచేశారు. సమానమైన తెలివి ఉన్న ఇద్దరిలో, అందరూ ఉద్దండులే ఉన్నచోట చేరినవాళ్లకు తమ చదువు మీద తమకు నమ్మకం తగ్గుతుందని ఆయన మళ్లీ మళ్లీ చూపించారు. కొందరికి ఆ పోటీ వేగం పెంచుతుంది, నిజమే. కానీ ఒక పరీక్షలో మార్కులు తగ్గితే మీరు వారం రోజులు తేరుకోలేని మనిషైతే, ఆ సంగతి మీకు ముందే తెలుసు. దాన్ని దాచుకోకుండా లెక్కలోకి తీసుకోండి.

ఉద్యోగాల అంకెలు చదవడం

"90 శాతం ప్లేస్‌మెంట్" అన్న బోర్డు చూసినప్పుడు ముందు అడగాల్సింది, దేంట్లో 90 శాతం అని. బ్యాచ్‌లో 120 మంది. ప్లేస్‌మెంట్ సెల్‌లో పేరు నమోదు చేసుకున్నవాళ్లు 70. వాళ్లలో ఉద్యోగం వచ్చినవాళ్లు 63. డెబ్భైలో 63 అంటే 90 శాతమే. నూట ఇరవైలో అయితే సగానికి కాస్త ఎక్కువ. మిగతా యాభైమందిలో పై చదువులకు వెళ్లినవాళ్లెందరు, బ్యాక్‌లాగ్‌ల వల్ల నమోదుకే అర్హత లేనివాళ్లెందరు? ఈ రెండో అంకె చెప్పడానికి తటపటాయిస్తే, అసలు తెలుసుకోవాల్సింది అదేనని అర్థం.

సగటు జీతం కూడా అంతే. పదిమందిలో తొమ్మిదిమందికి నెలకు 30 వేలు, ఒకరికి 4 లక్షల 30 వేలు. సగటు 70 వేలు అని పోస్టర్ పడుతుంది. 70 వేలు వచ్చేవాడు ఆ పదిమందిలో ఒక్కడూ లేడు. మీడియన్ అడగండి, అంటే వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉండే మనిషి జీతం. అది 30 వేలు. ఆ మధ్యలో మనిషే రేపు మీరు కావడానికి అందరికన్నా ఎక్కువ అవకాశమున్నవాడు.

ఉద్యోగాల శాతం కన్నా నేను ఎక్కువ నమ్మే అంకెలు రెండున్నాయి, వాటిని ఎవరూ పోస్టర్ల మీద వేయరు. మొదటి ఏడాది చేరినవాళ్లలో రెండో ఏడాదికి ఎంతమంది మిగిలారు? చేరినవాళ్లలో సమయానికి డిగ్రీ పూర్తిచేసినవాళ్లు ఎందరు? మొదటి ఏడాది తర్వాతే నలుగురిలో ఒకరు వెళ్లిపోతున్నారంటే లోపల ఏదో తేడాగా ఉంది. అది చదువు బరువు కావచ్చు, డబ్బు ఇబ్బంది కావచ్చు, హాస్టల్ కావచ్చు. ఏమిటో తెలుసుకోకుండా చేరొద్దు.

ఖర్చు: ఫీజు కాగితంలో కనపడని భాగం

రెండు యూనివర్సిటీల ఫీజులు పోల్చేటప్పుడు మొదటి ఏడాది ఫీజునే పోలిస్తే మోసపోతాం. మొత్తం కోర్సుకు అయ్యేదంతా వేయాలి: ఫీజు, ఏటా పెరిగే శాతం, ఉండడం, తిండి, ప్రయాణాలు, పరికరాలు, ఆలస్యమైతే ఇంకో సెమిస్టర్. స్కాలర్‌షిప్ ఉంటే అది ఎన్నేళ్లకు ఇస్తారో, ఎన్ని మార్కులు తగ్గితే ఆపేస్తారో చూసుకోవాలి. మొదటి ఏడాది సగం ఫీజు మాఫీ చేసి, తర్వాత 85 శాతం మార్కులుంటేనే కొనసాగిస్తామంటే, సీనియర్లలో ఎంతమంది దాన్ని నిలబెట్టుకున్నారో అడగండి.

అప్పు విషయం కొంచెం నిదానంగా చూడండి, ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటున్నారు. నాలుగేళ్ల కోర్సుకు మొత్తం 100 రూకలు అప్పు అనుకుందాం. ప్రతి ఏడాది మొదట్లో 25 చొప్పున తీసుకుంటారు, వడ్డీ 10 శాతం, చదివేటప్పుడు బారువడ్డీయే అనుకుందాం. కోర్సు అయ్యేసరికి మొదటి పాతికకు నాలుగేళ్ల వడ్డీ, రెండోదానికి మూడేళ్లు, మూడోదానికి రెండేళ్లు, చివరిదానికి ఏడాది వడ్డీ పడుతుంది. కలిపితే 25. ఉద్యోగంలో చేరేరోజుకు అప్పు 125. దాన్ని పదేళ్లలో నెలవారీ కిస్తీల్లో అదే వడ్డీకి తీరిస్తే, చెల్లించేది మొత్తం 198 దాకా వస్తుంది. తీసుకున్నది వంద, కట్టింది దాదాపు రెండొందలు. కాబట్టి రెండు యూనివర్సిటీల ఖర్చుల మధ్య తేడా అప్పు చేసి పూడ్చాల్సిందైతే, ఆ తేడాను రెట్టింపు చేసి చూసుకోండి. ఆ రెట్టింపుకు తగ్గది ఆ పెద్ద పేరు ఇస్తుందా?

నెల కిస్తీ ఆ కోర్సువాళ్ల మీడియన్ జీతంలో ఆరో వంతు దాటితే నేను గట్టిగానే వద్దంటాను. ఇది నియమం కాదు. కిస్తీ భయంతో నచ్చని ఉద్యోగాన్ని వదల్లేక ఏళ్లు గడిపిన పిల్లలను దగ్గరగా చూశాక నేను పెట్టుకున్న గీత.

దగ్గరా, దూరమా

ఇంటికి దగ్గరున్న యూనివర్సిటీని పెరటి చెట్టు మందుకు రాదన్నట్టు చూస్తారు చాలామంది. దూరపు కొండలు ఎటూ నునుపే. ఇంట్లో ఉండి చదివితే డబ్బు మిగులుతుంది, అనారోగ్యం వస్తే చూసే మనిషి ఉంటారు. రోజూ తిరగాల్సి వస్తే మాత్రం గంటలు లెక్కపెట్టండి. పోనూ గంటన్నర, రానూ గంటన్నర, ఏడాదికి 200 రోజులు: 600 గంటలు. యూరప్ క్రెడిట్ల పద్ధతిలో ఏడాది చదువు మొత్తానికి లెక్కకట్టేది 1500 నుంచి 1800 గంటలు. ఏడాది చదువుకు పట్టే సమయంలో కనీసం మూడోవంతుకు సమానమైనంత రోడ్డు మీదే అయిపోతుంది. దూరం వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మొదటి సెమిస్టర్‌లో ఒంటరితనం దాదాపు అందరికీ వస్తుంది, దాన్ని తప్పు ఎంపికకు గుర్తుగా తీసుకుని వెనక్కి వచ్చేయకండి.

స్నేహితులు, క్యాంపస్, మబ్బు పట్టిన రోజు

1984 నవంబరులో బోస్టన్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ (బంతిని చేత్తో విసిరే ఆట) ఆటగాడు డగ్ ఫ్లూటీ చివరి క్షణంలో విసిరిన బంతి మ్యాచ్ గెలిపించింది. టీవీలో దేశమంతా చూసింది. తర్వాతి రెండేళ్లూ ఆ కాలేజీకి దరఖాస్తులు బాగా పెరిగాయి. అప్పటినుంచి అక్కడివాళ్లు ఇలాంటి పెరుగుదలను ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. ఇంకా వింతైనది 2010లో యూరీ సైమన్‌సన్ ప్రచురించిన పరిశీలన. చదువు బరువుగా ఉంటుందని పేరుపడ్డ ఒక యూనివర్సిటీని చూడటానికి వచ్చి సీటు పొందినవాళ్లలో, మబ్బు పట్టిన రోజున వచ్చినవాళ్లు అక్కడ చేరడానికి ఎక్కువ మొగ్గు చూపారు. మబ్బుగా ఉన్నరోజు పుస్తకం పట్టుకుని కూర్చోవడం హాయిగా తోస్తుంది మరి. జీవితంలో నాలుగేళ్ల నిర్ణయం ఆకాశం రంగును బట్టి మారిపోగలదని తెలిస్తే, క్యాంపస్ చూసొచ్చిన సాయంత్రమే ఫీజు కట్టేయకుండా ఉంటాం. ఒక వారం ఆగండి, వీలైతే ఇంకోసారి వెళ్లండి.

స్నేహితులు చేరుతున్నారని చేరడం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. డార్ట్‌మత్ కాలేజీలో రూమ్‌మేట్లను చీట్లు తీసినట్టు కేటాయించిన సంగతిని బ్రూస్ సాసర్‌డోట్ 2001లో వాడుకుని, పక్క మంచంలో మనిషి ప్రభావం మన మార్కుల మీద పడుతుందని చూపించారు. ఆ పక్క మంచం మనిషి ఎవరో మీకింకా తెలియదు. ఇప్పటి స్నేహితులు ఎక్కడున్నా స్నేహితులే. అక్కడ చేరే పిల్లలు మొత్తం మీద ఎలాంటివాళ్లు, సాయంత్రాలు ఏం మాట్లాడుకుంటారు అన్నది చూసుకోవడం మేలు.

వెళ్లి చూసేటప్పుడు

చేరబోయేవాళ్లను పిలిచి క్యాంపస్ చూపించే ఓపెన్ డే రోజున వెళ్లకండి. ఆరోజు అందరూ ఇస్త్రీ బట్టల్లో ఉంటారు. మామూలు పనిరోజున, మధ్యాహ్నం వెళ్లండి. నోటీసు బోర్డులో కాగితాల తేదీలు చూడండి. అధ్యాపకుల గదుల తలుపులు తెరిచి ఉన్నాయా, బయట విద్యార్థులు ఎవరైనా వేచి ఉన్నారా చూడండి. చివరి ఏడాదికి ముందున్న పిల్లలతో మాట్లాడండి. మొదటి ఏడాదివాళ్లకు ఇంకా తెలియదు, చివరి ఏడాదివాళ్ల మనసు అప్పటికే బయటకు వెళ్లిపోయి ఉంటుంది. "బాగుందా?" అని అడిగితే బాగుందనే అంటారు. "పోయిన నెలలో ఏ సార్‌తోనైనా తరగతి బయట మాట్లాడావా? ఏ విషయం?" అని అడిగితే అసలు సంగతి వస్తుంది. వెళ్లలేనివాళ్లు ఇద్దరు అధ్యాపకులకు పొట్టిగా, వాళ్ల పనిమీద ఒక నిజమైన ప్రశ్నతో మెయిల్ రాయండి. జవాబు ఎన్నిరోజులకు వచ్చింది, ఎలా వచ్చింది అన్నది కూడా సమాచారమే.

ఆ అమ్మాయి రెండుచోట్లకూ వెళ్లింది. నేను చెప్పనిది ఒకటి తనే కనిపెట్టి చూసింది. ల్యాబ్‌లలో సెంట్రిఫ్యూజ్ (ట్యూబులను గిర్రున తిప్పి లోపలివాటిని వేరుచేసే మెషీన్) పక్కన లాగ్‌బుక్ ఉంటుంది, మెషీన్ వాడినవాళ్లు పేరు, తేదీ, సమయం రాయాలి. మొదటి యూనివర్సిటీలో ఆ మెషీన్ కొత్తది, పెద్దది. పుస్తకంలో ఆరు పేజీలు తిప్పితే అన్నీ రీసెర్చ్ స్కాలర్ల పేర్లే. డిగ్రీవాళ్లకు డెమో చూపిస్తామని చెప్పారట. రెండోచోట మెషీన్ పాతది, మూత ఒకవైపు టేపుతో అతికించి ఉంది. పుస్తకంలో పేర్ల పక్కన "రెండో సంవత్సరం", "మూడో సంవత్సరం" అని రాసున్నవి సగానికి పైగా. ఒకచోట ఎవరో "ట్యూబులు బ్యాలెన్స్ చేయడం మరిచిపోయాను, సారీ" అని రాసి సంతకం పెడితే, కింద ఇంకెవరో ఎర్ర ఇంకుతో "రేపు మూడింటికి రా, చూపిస్తాను" అని రాశారు.

ఆ పేజీకి ఫొటో తీసుకొచ్చి నాకు చూపించింది. ఆ తేదీ మంగళవారం అవునో కాదో చూశావా అని అడిగాను. నవ్వి, చూడలేదంది. రెండోదాంట్లోనే చేరింది.

చేరేముందు ఇంకో పని కూడా చేయించాను, మీరూ చేయండి. ఫీజు కట్టిన రోజే, వద్దనుకున్న చోటికి సీటు వదులుకుంటున్నట్టు మెయిల్ రాసింది. గడువు ఇంకా పన్నెండు రోజులుంది. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరున్న పిల్లకు ఆ పన్నెండు రోజులూ నిద్ర ఉండదు.